చెర్రీ పూలు మనూళ్ళో ఎందుకు పూయవు? పూసే మన చెట్లు ఊళ్ళోకి ఎందుకు రావు?

మార్చి నెలాఖరు వచ్చిందంటే చాలు, ఫోన్లన్నీ గులాబీ రంగెక్కుతయ్యి. టోక్యోలో కొలువు చేసే పిల్లలు, వాషింగ్టన్ చుట్టుపక్కల ఉండే పిల్లలు చెర్రీ చెట్ల కింద నిలబడి ఫొటోలు పెడతారు. ఆకు ఒక్కటి కనపడదు, చెట్టంతా పువ్వే. ఆ ఫొటోలు చూశాక ఇక్కడ మనోళ్ళకి ఓ కోరిక పుడతది. మన సెంటర్లో, మన బడి ముందు, మన డివైడర్ మీద ఇవి నాటితే ఎట్టుంటది అని.

ఆ కోరికని నేను ఎగతాళి చెయ్యను. మిరప కోతకి పోయొచ్చే మనిషికి కూడా దారిలో కాస్త అందం కావాలి. పూల చెట్టు డబ్బున్నోళ్ళ కాలనీకే రాసిపెట్టి లేదు. గంపలగూడెం లాంటి ఊరికీ, తిరువూరు లాంటి పట్నానికీ పూల రోడ్లు కావాల్సిందే. కానీ ఆ కోరికని సొమ్ము చేసుకునేవాళ్ళు కూడా తయారయ్యారు. ఫోన్లో బొమ్మ చూపెట్టి, "ఏ నేలలోనైనా పూస్తది" అని చెర్రీ గింజలూ మొక్కలూ అంటగడుతున్నారు. అది అబద్ధం. ఒక ఇంటివాడు కొంటే పోయేది ఐదారొందలు. రేపు అదే మాట సుందరీకరణ పేరుతో టెండర్లోకెక్కితే పోయేది జనం సొమ్ము, దాంతోపాటు జనానికి దక్కాల్సిన నీడ. అందుకని ఈ చెట్టు సంగతి మొదట్నించీ చెప్పుకుందాం.

చెట్టు చలిని లెక్కపెడతది

చెర్రీ గులాబీ కుటుంబం చెట్టు. ఆపిల్, బాదం, పీచ్ దానికి దాయాదులు. అందం కోసం పెంచే చెర్రీకి పండు పెద్దగా ఉండదు, ఉన్నా పిట్టలకే. పువ్వు కోసమే దాన్ని పెంచుతారు.

ఈ చెట్టు వచ్చే వసంతం పూలకి మొగ్గల్ని ముందు ఎండాకాలంలోనే కట్టుకుంటది. తర్వాత ఆకు రాల్చి నిద్రపోద్ది. నిద్రలో ఉండి కూడా ఒక లెక్క చూసుకుంటా ఉంటది. ఎంత చలి తగిలింది అనే లెక్క. సుమారు 7 డిగ్రీల కింద వందల గంటలు, కొన్ని రకాలకైతే వెయ్యి గంటల దాకా చలి తగలాలి. లెక్క నిండాక కాస్త వెచ్చబడితే మొగ్గలన్నీ ఒక్కసారే విచ్చుకుంటయ్యి. ఆకుకంటే ముందు చెట్టంతా పువ్వయ్యేది ఇందుకే. అంటే ఆ అందం చలి పెట్టిన భిక్ష. ఆ చలి తగలకపోతే మొగ్గ ముడుచుకునే ఉంటది, ఎండి రాలిపోద్ది. ఆకు కూడా ఒక కొమ్మకి వచ్చి ఒక కొమ్మకి రాదు. అట్టా రెండుమూడేళ్ళు బతుకీడ్చి చెట్టు చస్తది.

ఈ మాట మామిడి రైతుకి కొత్తగా చెప్పక్కర్లేదు. నూజివీడు, విస్సన్నపేట, తిరువూరు పక్క తోటల్లో డిసెంబరు రాత్రులు చల్లబడకపోతే ఏమవుద్దో అందరికీ తెలుసు. పూత రావాల్సిన చోట లేత ఆకు వస్తది, పూత వెనకబడుద్ది. అందుకేగా కొందరు పాదుల్లో కల్టార్ పోసి బలవంతంగా పూత తెప్పిస్తారు. మామిడికి రాత్రుళ్ళు 15 నుంచి 20 డిగ్రీల మధ్యకి దిగి కొన్ని వారాలుంటే చాలు. చెర్రీకి అది చాలదు. మామిడికి చలి చిరుతిండి అయితే, చెర్రీకి అదే పూటకూడు.

మనకి జనవరి తెల్లారుజామున కూడా 7 డిగ్రీలు రావు. అటుపక్క మే నెలలో 45 డిగ్రీలు కాస్తది. చెర్రీ వేళ్ళు పైపైనే పాకుతయ్యి, బెరడు పల్చన. వడగాలికి బెరడు పగిలి, ఆ పగుళ్ళలోకి తొలుచు పురుగులు చేరతయ్యి. వానాకాలం నల్లరేగడిలో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుద్ది. చలికాలం ఆకలి, ఎండాకాలం వాత, వానాకాలం రోగం. ఏ కాలం దానికి మన దగ్గర సుఖం లేదు.

"మరి ఆపిల్ కాయలేదా?" అని అడగొచ్చు. మంచి ప్రశ్నే. తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు ఆపిల్ కాయించాడు, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆయనకి తోడు నిలబడ్డారు. కానీ ఆయన నాటింది కాశ్మీర్ ఆపిల్ కాదు. హిమాచల్‌లో హరిమన్ శర్మ అనే రైతు తక్కువ చలికే కాసే రకాన్ని ఏరి నిలబెట్టాడు. హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అంటారు దాన్ని. రకం మార్చబట్టి పని జరిగింది. చెర్రీల్లో కూడా తైవాన్ చెర్రీ లాంటి తక్కువ చలి రకాలు లేకపోలేదు. అయితే తక్కువ చలి అంటే చలే అక్కర్లేదని కాదు. మన చలికాలాన్ని ఎట్టాగో సర్దుకున్నా మన మే నెలని తట్టుకోవాలిగా. రైతు తోటలో పది మొక్కలు పెట్టి రోజూ కాపు కాసే ప్రయోగం వేరు, రోడ్డు పక్క వంద మొక్కలు పాతి వదిలేసేది వేరు.

వాళ్ళు నాటింది వాళ్ళ కొండ చెట్టు

జపాన్ చెర్రీ గురించి మనం చూడాల్సింది ఇంకోటుంది. ఆ చెట్టు వాళ్ళకి ఎక్కణ్నించో దిగుమతి అయింది కాదు. వాళ్ళ కొండల్లో పూసే అడవి చెర్రీలని చూసి మురిసినోళ్ళు, వాటినే ఏరి, అంటుకట్టి, ఊళ్ళోకి తెచ్చుకున్నారు. 18వ శతాబ్దంలో తొకుగవ యోషిమునె అనే షోగన్ ఇప్పటి టోక్యోలో సుమిద ఏటి కట్టల మీద వాటిని నాటించాడు. పూలు చూడ్డానికి జనం తొక్కితే కట్ట మట్టి గట్టిపడుద్దని కూడా ఆలోచించారంటారు. అంటే అక్కడ పూల చెట్టు గవర్నరు బంగ్లా ముందు సోకు కాదు. జనం కింద కూచుని తిని, పాడుకుని, పోయే చెట్టు.

ఆ చెట్టు ఇంకో చోటికి పోయినప్పుడు ఎన్ని తంటాలొచ్చాయో అమెరికాని అడగాలి. 1910లో టోక్యో పంపిన రెండు వేల మొక్కలు వాషింగ్టన్ చేరేసరికి పురుగూ తెగులూ పట్టి ఉన్నయ్యి. అక్కడి ప్రభుత్వం అన్నిటినీ కాల్పించింది. మళ్ళీ 1912లో 3,020 మొక్కలొచ్చాయి. అవి నిలిచాయంటే వాషింగ్టన్‌లో మంచు పడే చలికాలం ఉండబట్టే. అక్కడ పూస్తంది కాబట్టి ఇక్కడా పూస్తదనడం, వాళ్ళ స్వెట్టర్ మనం మే నెలలో తొడుక్కున్నట్టుంటది.

ఇప్పుడు జపాన్‌లోనే ఆ లెక్క తప్పుతోంది. క్యోటోలో చెర్రీ పూతకి 1,200 ఏళ్ళ నాటి నుంచి రాతలున్నయ్యి. 2021లో మార్చి 26నే నిండు పూత వచ్చింది, అప్పటిదాకా అన్నేళ్ళ రాతల్లో అంత ముందు ఎప్పుడూ రాలేదు. వేడెక్కుతున్న భూమి సంగతి ఆ చెట్టే చెప్తంది. పుట్టినింట్లోనే తడబడే చెట్టుని తెచ్చి తిరువూరు రోడ్డు మీద ఎండబెడదామా?

మన దేశంలో చెర్రీ పూల పండగ చేసే ఊరు షిల్లాంగ్. 2016 నుంచి చేస్తన్నారు. వాళ్ళు కూడా జపాన్ రకం కోసం ఎగబడలేదు. హిమాలయాల్లో తనంతట తాను పెరిగే అడవి చెర్రీనే పండగ చేసుకున్నారు. అది నవంబరులో పూస్తది. షిల్లాంగ్ 1,500 మీటర్ల ఎత్తున ఉంది, చలి ఉంది, చెట్టు వాళ్ళదే.

ఇప్పుడు నా మాట ఏందంటే: జపానోళ్ళ చెట్టు మనకి రాదు, వాళ్ళ బుద్ధి మాత్రం తెచ్చుకోవచ్చు. వాళ్ళు తమ కొండ చెట్టుని ఊళ్ళోకి తెచ్చుకుని నెత్తిన పెట్టుకున్నారు. మనం మన కొండ చెట్టుని పొయ్యిలో పెట్టుకున్నాం.

మన దగ్గర పూసేవేంటి?

మోదుగ ముందు చెప్పాలి. ఫిబ్రవరి, మార్చిలో ఆకంతా రాల్చి, ఒంటి నిండా కాషాయం రంగు పువ్వేస్తది. అదీ ఆకుకంటే ముందే, చెర్రీ లాగానే. హోలీకి రంగు దాన్నించే తీసేవాళ్ళు, ఆకుతో విస్తళ్ళు కుట్టేవాళ్ళు. కాస్త నిదానంగా పెరుగుద్ది. కానీ బీడు నేలలో, నీళ్ళు లేని చోట కూడా నిలబడతది. ఏ పట్నం రోడ్డు మీదైనా దీన్ని వరసగా నాటగా చూశారా? నేను తిరిగిన ఊళ్ళలో చూడలేదు.

తర్వాత రేల. ఏప్రిల్, మే నెలల్లో పసుపు గుత్తులు ద్రాక్ష గెలల్లాగా వేలాడతయ్యి. కేరళ వాళ్ళు విషు పండక్కి ఆ పువ్వు లేందే కన్ను తెరవరు, దాన్ని రాష్ట్ర పుష్పం కూడా చేసుకున్నారు. మనం అడివిలో వదిలేశాం. పశువులూ మేకలూ పెద్దగా ముట్టవు కాబట్టి కాపలా బాధ తక్కువ.

కానుగ సంగతి రైతులకి తెలుసు. ఆకు పొలానికి ఎరువు, గింజ నూనెకి. కానీ పువ్వు మీద ఎవరి కన్నూ పడలేదు. ఎండాకాలంలో తెలుపు, లేత ఊదా కలిసిన చిన్న పూలు పూసి, కింద నేలంతా పరుచుకుంటయ్యి. చెర్రీ రేకులు నేలంతా రాలిన ఫొటో చూసి మురిసేవాళ్ళు ఒక్కసారి నిండు పూతలో ఉన్న కానుగ కింద నిలబడాలి. పైగా మార్చిలో పాత ఆకు రాలి కొత్త ఆకు త్వరగా వచ్చేస్తది కాబట్టి, మండే ఎండల వేళకి నీడ సిద్ధంగా ఉంటది. బస్సు కోసం, ఆటో కోసం నిలబడే ఆడకూలీలకి ఈ చెట్టుకి మించింది లేదు.

గులాబీ రంగే కావాలంటే వరగోగు ఉంది. ఊదా గులాబీ కలిసిన ముడతల రేకుల పువ్వు. మహారాష్ట్ర దాన్నే రాష్ట్ర పుష్పం చేసుకుంది. దీనికి కాస్త నీళ్ళు ఎక్కువ కావాలి కాబట్టి చెరువు గట్టుకీ, కాలవ పక్కకీ బాగుంటది. దేవకాంచనం చిన్న చెట్టు, చలికాలం మొదట్లో గులాబీ పూలు. రేల జాతిలోనే కేసియా జవానికా అని ఇంకోటుంది, ఆగ్నేయాసియా వైపు చెట్టు. ఎండాకాలంలో తెలుపూ గులాబీ కలిసి కొమ్మ కొమ్మంతా పూస్తది. దూరం నించి చూస్తే చెర్రీ అనే అనుకుంటారు. వేడి దేశాల్లో చెర్రీ చూపు కావాలంటే ఇదే దగ్గరి దారి.

డివైడర్‌కి చెట్టు కాదు, పొద కావాలి. తంగేడు ఉందిగా. పక్కన ఖమ్మం జిల్లాలో బతుకమ్మ పేర్చేది దాంతోనే, తెలంగాణకి రాష్ట్ర పుష్పం. మన గట్ల మీద నీళ్ళు పోసే దిక్కు లేకుండానే పూస్తంది.

ఇంకో ముచ్చట. బేకరీ కేకు మీద, కిళ్ళీలో ఎర్రగా మెరిసే "చెర్రీ" ఉంటదే, దాన్ని మన దగ్గర చాలావరకు వాక్కాయతోనే చేస్తారు. పప్పులో వేసుకునే వాక్కాయే. గింజ తీసి, పంచదార పాకంలో ఊరేసి, రంగేసి అమ్ముతారు. మనం తినే చెర్రీయే మన కంప మీద కాసింది. చూసే చెర్రీ మన కొండ మీదది ఎందుకు కాకూడదు?

బయటి చెట్టు అంటే పగ కాదు

బయట నించి వచ్చిన ప్రతి చెట్టునీ తరిమెయ్యాలని నేనడం లేదు. చింత ఆఫ్రికా నించి వచ్చింది. మనకి అన్నం పెట్టే మిరప అమెరికా ఖండం నించి వచ్చింది. అవి ఇక్కడి నేలకీ ఎండకీ ఇమిడినయ్యి, జనానికి పనికొచ్చినయ్యి. చెట్టు ఎక్కడిదని కాదు, ఈ నేలకి ఒదుగుద్దా, ఇక్కడి జనానికి ఏమిస్తది అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న అడక్కుండా నాటితే ఏమవుద్దో కోనోకార్పస్ చూపించింది. త్వరగా పెరుగుద్ది, ఎప్పుడూ పచ్చగా ఉంటది, మేక ముట్టదు అని డివైడర్లంతా నింపారు. ఆ తర్వాత వేళ్ళు పైపుల్లోకి పోతన్నయ్యనీ, పుప్పొడితో ఉబ్బసం వస్తందనీ గోలెత్తింది. తెలంగాణ 2022లో నాటొద్దంది, గుజరాత్ 2023లో వద్దంది. భయం కొంత ఎక్కువ చేశారనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఎవరి మాట నిజమైనా, నాటడానికి ఒకసారి, పీకడానికి ఒకసారి డబ్బు పోయింది జనానిదే.

విశాఖలో 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపానుకి చెట్లు కూలిపోయాక, త్వరగా పచ్చబడాలని ఏడాకుల పాల చెట్లని ఎక్కువగా నాటారు. అది మన దేశం చెట్టే. కానీ చలికాలం మొదట్లో వీధంతా ఒకేసారి పూస్తే ఆ ఘాటు తట్టుకోలేకపోతున్నామని జనం మొత్తుకుంటున్నారు. ఇది ఇంకో పాఠం: మంచి చెట్టునైనా వీధి పొడుగూతా ఒక్క రకమే నాటకూడదు. మడగాస్కర్ నించి వచ్చిన ఎర్ర తురాయి మే నెలలో ఎంత అందమో, గాలివానకి దాని కొమ్మ అంత తేలిగ్గా విరుగుద్ది. పార్కులో పెట్టండి, బస్టాపు మీద పెట్టొద్దు.

ఎట్టా నాటాలి

పువ్వు పూయాలంటే ముందు చెట్టు బతకాలి. చెట్టు బతికేది గుంట తీసేటప్పుడే తేలిపోద్ది. మే నెలలో రెండడుగుల పొడుగు, వెడల్పు, లోతు తక్కువ కాకుండా తియ్యాలి. ఎండకి ఎండనియ్యాలి. పైమట్టికి మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి పూడ్చాలి. రెండు మంచి వానలు పడ్డాక నాటాలి. జానెడు మొక్క కాదు, నాలుగైదు అడుగుల మొక్క పెట్టాలి. కర్ర పాతి వదులుగా కట్టాలి, చుట్టూ కంచె ఉండాలి.

కానుగ, రేల లాంటివాటికి మొక్కకీ మొక్కకీ 25 నించి 30 అడుగులు వదలాలి. కరెంటు తీగల కింద పెద్ద చెట్టు పెడితే ఏటా కరెంటోళ్ళు తల నరుకుతారు, అది వాళ్ళ తప్పు కాదు. అక్కడ దేవకాంచనం, పారిజాతం లాంటి పొట్టివి పెట్టాలి. గన్నేరు విషం కాబట్టి బడి దగ్గరా అంగన్‌వాడీ దగ్గరా వద్దు.

అసలు కీలకం నీళ్ళు. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి రెండుసార్లు, మొక్కకి బిందెడు నీళ్ళు పొయ్యాలి. పైపైన చల్లితే వేరు పైకే వస్తది. నిండా పోస్తే లోతుకి దిగుద్ది. రెండేళ్ళు దాటితే మన చెట్టు తన కాళ్ళ మీద తను నిలబడుద్ది. ఇంకోటి, మొదలు చుట్టూ సిమెంటు పొయ్యొద్దు. మూడడుగుల మట్టి వదలండి. సీసీ రోడ్డు వేసేటప్పుడు చెట్టు మెడ దాకా కాంక్రీటు పోసి, తర్వాత ఎండిపోయిందని కొట్టేసే పని చాలా ఊళ్ళలో జరుగుతోంది.

అడగాల్సింది మనమే

రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకి 29 విషయాలు రాశారు. అందులో సామాజిక అడవుల పెంపకం ఒకటి. అంటే ఊళ్ళో ఏ చెట్టు నాటాలో మాట్లాడే హక్కు గ్రామసభకి ఉంది. నర్సరీలో ఏ మొక్క మిగిలిపోయిందో అది మన రోడ్డుకి రావాల్సిన పని లేదు. పెద్ద చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా చట్టం కింద అనుమతి ఉండాలి. ఆ కాగితం చూపించమని అడిగే హక్కూ మనదే.

కాబట్టి ఈసారి మొక్కలు నాటే పని మీ ఊరికొచ్చినప్పుడు నాలుగు మాటలు అడగండి. ఏ రకం? ఆ రకం మన ఎండకి నిలబడ్డ చోటు ఏది? రెండేళ్ళు నీళ్ళు పోసేది ఎవరు, వాళ్ళకి కూలి ఏ పద్దు కింద వస్తది? మూడో ఏడు ఎన్ని బతికాయో లెక్క ఎక్కడ పెడతారు? ఫొటోకి నాటిన మొక్కని ఈ నాలుగు ప్రశ్నలే బయటపెడతయ్యి. నీళ్ళు పోసే పని ఊళ్ళో ఒంటరి ఆడవాళ్ళకీ, భూమి లేనివాళ్ళకీ కూలి కట్టి అప్పజెప్తే చెట్టూ బతుకుద్ది, మనిషీ బతుకుద్ది.

తిరువూరు మీదుగా విజయవాడ నించి భద్రాచలం పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఉంది. గంపలగూడెం నించి నెమలి వేణుగోపాలస్వామి గుడికి పోయే దారి ఉంది. కట్టలేరు గట్లున్నయ్యి. బడులున్నయ్యి, సంతలున్నయ్యి. రహదారి పక్క కానుగ, గుడి దారిలో రేల, ఏటి గట్టున వరగోగు, ఊరి బయట బీట్లో మోదుగ. ఫిబ్రవరిలో మోదుగ మొదలుపెడితే జూన్ దాకా ఏదో ఒకటి పూస్తనే ఉంటది. చెర్రీ పూత రెండు వారాలు కూడా నిలవదు. మనది ఐదు నెలలు.

గుంటలు తియ్యాల్సింది మే నెలలో. ఆలోపు జరిగే గ్రామసభలో ఈ మాట ఎవరో ఒకరు లేచి అడగాలి. ఆ ఒక్కరు మీరే కావచ్చు.